దొరసానికి కాడి కట్టిన జాకబ్

ఏమప్పా శశికుమారా, మొగం అట్ల మాడ్చుకొని వస్తాండావు? ఆటో యాడ పెట్టినావు? ఓ, ఎఫ్సీకని పోయింటివా. ఫేలా? ఎవురు చేసిరి ఫేలు? మిషనా! ఇప్పుడు మిషన్లే పరీక్ష పెడతాండాయా బండ్లకు? మా కాలంలో మనిషి చేస్తాండె. మనిషైతే రొంత మొగం చూసి మాట్లాడేకి వీలైతాండె. సరే, కూచో. నీళ్ళు తాగు. బ్రేకు ఒగ పక్కకు లాగిందంతేనా? అది సరిచేయించుకొని మళ్ళా పోతే అయిపాయ, దానికింత దిగులెందుకు? మా జాకబ్ పడిన దిగులు ముందర నీదేపాటిదిలే. జాకబ్ తెలీదా నీకు? యాడ తెలుస్తాది, నువ్వు పుట్టకముందరే... కాదు కాదు, నువ్వు పుట్టినాక గూడా రొన్నాళ్ళు ఉండె. నిన్ను ఎత్తుకున్న్యాడు గూడా. నువ్వు ఆయప్ప అంగీ తడిపినావు. ఆమీద మీరు టౌనుకు పోతిరి, ఇంగ నీకెట్ల తెలుస్తాది? ఈ ముదిగుబ్బ చుట్టుపక్కల ముసలోళ్ళను ఎవురినన్నా అడుగు, ఎద్దుల కారు జాకబ్ అంటే చాలు, ముందర నవ్వి ఆమీద చెప్తారు. ఏం, కారుకు ఎద్దులేందని అడుగుతావా? అదే గదా కత. ఇను.

సన్నగా పొడుగ్గా ఉండేటోడు జాకబ్. మెడలో ఎప్పుడూ ఒగ తువ్వాల. మొగం తుడుచుకునేకని నువ్వనుకుంటావు. కాదు, కారు తుడిచేకి. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో ఒగ దొర దగ్గర డ్రైవరుగా చేసినాడంట. ఆ దొర ముసలోడై దేశం ఇడిచి పోతా పోతా, తెల్ల అంబాసిడర్ కారు ఈయప్పకే ఇచ్చి పోయినాడు. అందుకని దానికి దొరసాని అని పేరు పెట్టుకున్న్యాడు. పెండ్లాము రెబెకా నవ్వుతాండె. 'చూడు పెద్దక్కా, ఇంట్లో నేను పనిమనిషి, బయట దొరసాని' అని. ఆ నవ్వులో కోపం ఉండేది కాదులే. ఆయమ్మ కోపమే ఎరగదు. ఒగసారి మా ఎద్దు ఆయమ్మ ఆరేసుకున్న చీర నమిలేస్తే, 'పోనీలేక్కా, దానికీ ఆ రంగు నచ్చింది' అనింది. ఏం చెప్తాంటి... ఆ, కారు. ఇంట్లో నిలబెట్టుకుంటే కడుపు నిండదు గదా, పసుపు బోర్డు ఏయించి బాడుగకు తిప్పుతాండె. ఈ పల్లెలో ఎవురికి కడుపునొప్పి వచ్చినా, ఎవురికి పెండ్లి కుదిరినా దొరసానే దిక్కు. పెండ్లికూతురికి మాత్రం బాడుగ తీసుకునేటోడు కాదు. ఏ కులంవాళ్ళ పిల్లైనా సరే, పూలు కట్టి, అద్దాలు తుడిచి, రాణిని తోలకపోయినట్ల తోలకపోతాండె.

ఐతే పసుపు బోర్డు ఉంటే ఏటేటా పరీక్షకు పోవల్ల, నీకు తెలిసిందే. సొంత కారోనికి ఏండ్ల తరబడి అడిగేటోడే ల్యాడు. ఎద్దులబండికి ఎప్పుడూ ల్యాదు. సైకిలుకు ల్యాదు. జాకబుకు ఇది మింగుడు పడేది కాదు. మా అరుగు మీద కూచొని మా ఎద్దులబండి పక్క చూస్తా, 'పెద్దక్కా, పిల్లోళ్ళు పదో తరగతి ఒగసారి రాసి పాసైతే మళ్ళా జన్మలో రాసే పని ల్యాదు. నా దొరసాని చూడు, ఏటేటా పదో తరగతి రాయల్ల! నీ మొగుని బండి చూడు, చక్రం ఊగులాడతాంటాది, ఇరుసు ఏడుస్తాంటాది, దానికి పరీక్షే ల్యాదు' అంటాండె. ఆ నెల వస్తాందంటే ఆ ఇంట్లో పెద్ద పండగ ముందరి హడావుడి. కారుకు నీళ్ళు పోసేది, బంపరుకు రంగు పూసేది. ఆదివారం చర్చిలో పాస్టరయ్య జబ్బు పడినోళ్ళ కోసం ప్రార్థన చేసి, వానల కోసం చేసి, కడాకు 'ప్రభువా, జాకబ్ కారు బ్రేకులను బలపరచుము' అంటాండె. నవ్వకు, నిజం. నేను చర్చికి పోయేదాన్ని కాదు గాని బయట నిలబడి నా చెవులతో నేను విన్న్యా. ఇంగ మా ఆయప్ప, మీ తాత గంగప్ప — మొగుని పేరు చెప్పిందని చూస్తాండావా, పోయినోడు లేచొచ్చి కొట్టేది ల్యాదులే — ఆయప్ప తన వంతుకు కారు ముందర నిమ్మకాయ కడతాండె. రెబెకా దాన్ని తీసేసేది కాదు. 'ఉండనీలేక్కా, ఇద్దరూ కలిసి చూసుకుంటారు' అంటాండె.

ఇంగొగ మాట చెప్పల్ల, అది చెప్పకపోతే నీకు కత తెలీదు. ఎలిజబెత్ అని ఒగ బిడ్డ ఉండె, ఆ చర్చి వెనకింట్లో. కడుపుతో ఉండంగానే మొగుడు పాయ. నొప్పులొచ్చినాయని కదిరి ఆస్పత్రికి దొరసానిలో ఏసుకొని పోతాంటిమి. పక్కన నేనే. సగం దావలో బిడ్డ ఆగనంటాంది. 'ఆపు జాకబూ!' అంటి. ఆపె. ఆ వెనక సీట్లోనే కాన్పు చేస్తి. ఆయప్ప రోడ్డు మీద అటు తిరిగి నిలబడి, కారుకు చెప్తాండాడో దేవునికి చెప్తాండాడో, 'తల్లీ కాపాడు, తల్లీ కాపాడు' అని ఒగటే గొణుగుడు. బిడ్డ కేర్ మనంగానే తువ్వాల తీసి ఇచ్చె. బిడ్డను అందులోనే చుట్టితి. సువార్త అని పేరు పెట్టిరి గాని ఊరంతా కారుపిల్ల అనే పిలిచేది. జాకబుకు పిల్లోళ్ళు ల్యారు. ఆ పిల్ల జాకబ్ ఇంట్లోనే అన్నం తిని, ఆ కారులోనే ఆడుకొని పెరిగె. రొంత మాటలొచ్చినప్పటి నుంచి, 'నీ పెండ్లికి గూడా ఈ సీట్లోనే తోలకపోతా బిడ్డా' అని ఆయప్ప మాటిచ్చినాడు. ఎన్నిసార్లు ఇచ్చినాడో లెక్కే ల్యాదు.

ఆ పిల్లకు పెండ్లి కుదిరింది. కుదిరిన ఏడే దొరసానికి గండం వచ్చె. బండ్లు పరీక్ష చేసేకి కొత్త బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చినాడు అనంతపురానికి. కోస్తా మనిషి. తెల్లగా, బొద్దుగా, చొక్కా ఇస్త్రీ నలగనియ్యడు. కారు చుట్టూ తిరిగె, కిందకు వంగె, ఇంజను రేజు చేయమనె. చేస్తే పొగ... ఏం చెప్పల్ల, చెనిక్కాయ కట్టె తగలబెట్టినట్ల. ఆ పొగలో దగ్గుకుంటా, 'ఏమయ్యా జాకబూ, బాడీ బానే ఉంది, సీట్లు బావున్నాయి, బ్రేకు కూడా పర్లేదు. ఇంజనే అయిపోయింది. ఈ పొగలో నాకు నువ్వే కనపట్టం లేదు, నీ వెనకొచ్చేవాడికి రోడ్డేం కనపడుతుంది? లాభం లేదయ్యా' అన్నాడంట. జాకబ్ తువ్వాలతో అద్దం తుడిచి, 'సరే సార్' అని కారెక్కినాడంట. వస్తా వస్తా బత్తలపల్లి దాటినాక ఆ ఇంజను గూడా, ఇంగ నాతో కాదన్నట్ల, గుర్ మని నిలబడిపాయ. అదే దావన మా ఆయప్ప వస్తాండె. బండి చక్రం విరిగితే వడ్లాయన దగ్గర ఇడిచిపెట్టి, ఎద్దులను కాడితోనే తోలుకొని వస్తాండాడు. కర్రెద్దు, మైలెద్దు. చూసి, 'ఏం జాకబూ, దొరసానికి పానం బాగల్యాదా?' అనె. ఇంగేముంది, కారుకు మోకు కట్టి, ఆ మోకు కాడికి కట్టి, లాక్కొని వచ్చిరి. జాకబ్ తువ్వాల మొగానికి చుట్టుకొని, కండ్లు మాత్రం కనపడేట్ల, స్టీరింగు పట్టుకొని కూచున్న్యాడు. తరవాత నాతో చెప్పె: 'అక్కా, ముందర ఎద్దుల తోకలు చూసుకుంటా వస్తాంటే, బత్తలపల్లి నుంచి మనూరు దాకా ఏ గుంత కనపడినా దీంట్లో పడి దాక్కుంటే బాగుండుననిపించె' అని. ఊర్లోకి వచ్చేపాటికి జనమంతా బయటికొచ్చిరి. రెబెకా గూడా వచ్చె. మోకు చూసె, ఎద్దులను చూసె, మొగానికి చుట్టిన తువ్వాల చూసె. చూసి నవ్వింది. పొట్ట పట్టుకొని నవ్వింది. 'ఎంత సక్కగా వచ్చిందయ్యా! పొగ ల్యాదు, సప్పుడు ల్యాదు' అనింది. ఇంగ చూడు, ఆయప్పకు ఎక్కడ ల్యాని కోపం వచ్చి ఆయమ్మతో మాట్లాడేదే మానుకున్న్యాడు.

మాట్లాడలేదు, ఇంట్లోకీ రాలా. కారు వెనక సీట్లో పండుకున్న్యాడు. అన్నం ఆడికే, నీళ్ళు ఆడికే. కదిరి నుంచి పాత ఇనుము కొనే మనిషి వాసన పట్టుకొని వచ్చినాడు. కట్టెతో డోరు మీద టంగుమని కొట్టి, 'గట్టి రేకే' అంటాంటే, లోపల నుంచి జాకబ్ అద్దం పైకెత్తి మూసేసె. అంతే. ఆ మనిషి వచ్చిన దావనే పోయినాడు. దానిమీద పెండ్లికొడుకు మేనమామ ఎర్రప్ప కబురు పంపినాడు. ఆ ఎర్రప్పకు ఒగ వ్యాను ఉండె, దాన్ని చూసుకొని ఒళ్ళు తెలిసేది కాదు. ఆయప్ప మాట ఇట్ల ఉంటాది, ముక్కుతో: 'మా వ్యాను పంపిస్తాం, పిల్లను దాంట్లో తోలండి. ఆ పొగ డబ్బాలో తెచ్చి నలుగురిలో మా పరువు తీయొద్దండి.' ఎలిజబెత్ పాపం తలూపింది, ఆడపిల్ల తల్లి, ఏం చేస్తాది? సువార్త మాత్రం తలూపలా. నేరుగా కారు దగ్గరికి పోయి, డోరు తీసి, ఆయప్ప కాళ్ళు రొంత జరిపి, పక్కన కూచునింది. 'మామా, నేను పుట్టింది ఈ సీట్లో. పెండ్లికి పోయేదీ ఈ సీట్లోనే. ఇది కదలకపోతే నేనూ కదలను' అనె. 'ఇంజను సచ్చిపోయింది బిడ్డా' అని ఆయప్ప తువ్వాలతో సీటు తుడిచె. అప్పుడు వాకిట్లో రాగులు చెరుగుతాండె రెబెకా. చేట ఆపలేదు, తల ఎత్తలేదు. ఉత్తగా గాలికి అడిగినట్ల అడిగింది.

'ఎద్దులబండికి ఎఫ్సీ ఉండాదా?' అని.

జాకబ్ మొగం అటు తిప్పుకొనె. మళ్ళా అడిగె. పిల్ల ముందర బాగుండదని, 'ల్యాదు' అనె జాకబ్. మాట్లాడక మాట్లాడక మాట్లాడిన మొదటి మాట అది.

'ఎందుకు ల్యాదు?'

'దానికి ఇంజను ల్యాదు గాబట్టి.'

'మరి మన దొరసానికి ఇప్పుడు ఇంజను ఉండాదా?'

ఆయప్ప సీట్లోంచి లేచి కూచున్న్యాడు. నేను గోడ ఇవతల నుంచి చూస్తాండా, అబద్ధం చెప్పను. మొగం ఎర్రబడె. 'దొరసానికి కాడి కడతావా?' అని అరిచె. 'కట్టకపోతే పాత ఇనుము కాటాకు పోతాది' అనింది రెబెకా. అని చేటలో రాళ్ళు ఏరుకుంటాంది. సువార్త అట్ల చూసె, ఇట్ల చూసె, కిలకిలా నవ్వె. జాకబ్ కారు దిగి, తువ్వాల మెడలో ఏసుకొని, కారు చుట్టూ ఒగ సుట్టు తిరిగినాడు. ఇంగొగ సుట్టు తిరిగినాడు. ఆమీద గోడ మీదుగా తల పెట్టి, 'పెద్దక్కా, మీ ఆయప్ప ఇంట్లో ఉండాడా?' అనె.

అంతే అప్పా, ఇంగ ఆ వారమంతా ఊరికి ఇదే పని. కమ్మరి తిప్పయ్య వచ్చి ఇంజను ఇప్పె. మొగోళ్ళంతా పట్టి దాన్ని బయటికి లాగిరి. ఆ పొద్దు మాత్రం జాకబ్ ఇంట్లోకి పోయి తలుపేసుకున్న్యాడు, చూడల్యాక. ముందర బంపరు కింద ఇనప పట్టీ ఏసి, బండికి ఉన్నట్ల పొడుగు నొగ బిగించిరి, దాని కొసకు కాడి. బ్రేకు ఉండనే ఉండాది, స్టీరింగు ఉండనే ఉండాది, బ్యాటరీతో లైట్లు, హారను. మొదటి దినం కట్టినప్పుడు చూడల్ల నువ్వు! మా ఆయప్ప బోనెట్టు మీద పగ్గాలు పట్టుకొని కూచునె. లోపల జాకబ్. 'గంగప్పా, నీ వీపు తప్ప నాకేమీ కనపడల్యాదు, రొంత ఎడమకు జరుగు' అని ఈయన అరుపు. 'నేను జరిగితే పడతా' అని ఆయన. ఎద్దులు కుడిపక్కకు పోతాంటే ఈయప్ప స్టీరింగు ఎడమకు తిప్పె. కారు నేరుగా పోయి మా పేడదిబ్బలో దిగబడె. దొరసాని ముట్టెంతా పేడ! ఇంగ ఆయప్ప ఏడుస్తాడేమో అనుకుంటి. చూస్తే స్టీరింగు మీద గుద్దుకుంటా నవ్వుతాండాడు. ఇంజను సచ్చినాక ఆయప్ప నవ్వింది అదే మొదలు. సాయంత్రానికి ఇద్దరికీ లెక్క కుదిరింది. దావ ఎద్దులది, మలుపు జాకబ్‌ది, మిట్ట దిగేటప్పుడు బ్రేకు గూడా జాకబ్‌దే. బ్రేకు తొక్కకపోతే కారు పోయి ఎద్దుల కాళ్ళకు తగులుతాది గదా.

పెండ్లి దినం వచ్చె. ముదిగుబ్బ పెద్ద చర్చిలో పెండ్లి. కొమ్ములకు రంగు పూస్తిమి, మెడలకు గంటలు. పసుపు బోర్డు పీకేసి ఆ జాగాలో కనకాంబరాల దండ. వెనక సీట్లో తెల్లచీరలో సువార్త, ఒగ పక్క వాళ్ళమ్మ, ఒగ పక్క నేను. ముందర జాకబ్ పక్కన రెబెకా. బోనెట్టు మీద మా ఆయప్ప, కొత్త రుమాలు చుట్టుకొని, పెండ్లికొడుకు తనే అన్నట్ల. పల్లె దాటేదాకా అందరూ నవ్వులే నవ్వులు. హైవే దగ్గర పడేకొద్దీ జాకబ్ మాట తగ్గిపాయ. 'ఏమయ్యా?' అనింది రెబెకా. 'ఆడ నలుగురూ చూస్తారే' అనె. 'చూడనీ. పెండ్లంటేనే నలుగురు చూసేది' అనింది. మా దావ హైవేలో కలిసేచోటికి పోతే ఏముండాది? జీపు అడ్డం పెట్టి చెకింగు! వ్యాన్లు, ఆటోలు వరసగా నిలబెట్టినారు. జీపు పక్కన ఎవురు? ఆ కోస్తా ఇన్‌స్పెక్టరే. ఇంగా తమాషా చెప్తా ఇను, ఆ వరసలో మొదటిది ఎర్రప్ప వ్యాను! ఎఫ్సీ ల్యాదు, టైర్లు బోడివి, లోపల పట్టనంత జనం. కోటు ఏసుకున్న పెండ్లికొడుకు రోడ్డు పక్కన నిలబడి చెమటలు కారుస్తాండాడు. ఎర్రప్ప చేతులు కట్టుకొని, 'సార్ సార్' అంటాండాడు, ఇప్పుడు ముక్కుతో కాదు.

గంటల సప్పుడుకు అందరూ ఇటు తిరిగిరి. ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళా పెట్టుకొనె. చెయ్యెత్తి ఆపె. జాకబ్ బ్రేకు తొక్కె, మా ఆయప్ప పగ్గం లాగె. 'ఏమయ్యా, ఇది నేను ఫెయిల్ చేసిన కారు కదూ?' అనె. రెబెకా అద్దం దించి, 'అది కారు సార్. ఇది ఎద్దులబండి' అనింది. 'బోనెట్ తియ్' అనె ఇన్‌స్పెక్టరు. మా ఆయప్ప కిందికి దిగి, ఎత్తి చూపించె. లోపల ఏముంటాది? పచ్చగా, ముచ్చటగా, కసువు కట్ట. దావలో ఎద్దులకని రెబెకా పెట్టింటె. ఆ కసువు చూసి ఇన్‌స్పెక్టరు, 'ఇంజను లేనిదానికి నా దగ్గర పరీక్షే లేదయ్యా. నేను చూసేది మోటారు బండ్లని' అనె. అని పోతాడనుకుంటిమి. పోలా. జాకబ్ పక్క చూసినాడు. ఏం కనపడిందో ఆ మొగంలో. చొక్కా సర్దుకొని, గొంతు సవరించుకొని, ఆఫీసులో నిలబడినట్ల నిలబడి, 'అయినా వచ్చినావు కాబట్టి చూస్తాను. లైట్!' అనె.

జాకబ్ లైటు ఏసె. పట్టపగలు ఎండలో లైటు!

'హారన్!' ఏసె. కర్రెద్దు ఉలిక్కిపడె.

'కుడి ఇండికేటర్!' మా ఆయప్ప కుడిచెయ్యి బార చాపె.

'వైపర్!' రెబెకా కిందికి దిగి, కొంగుతో అద్దం అటొగసారి ఇటొగసారి తుడిచె. వరసలో నిలబడిన డ్రైవర్లంతా దగ్గరికొచ్చిరి. ఈలలు, కేకలు. 'బ్రేక్!' ఎద్దులను రెండడుగులు తోలి ఆపించె. జానెడు గూడా జారలా. కడాకు వెనక పైపు దగ్గర వంగి, 'పొగ!' అనె. సరిగ్గా అప్పుడే మైలెద్దు తోకెత్తింది. దబ్ దబ్ మని పేడ. 'పొగ ముందర పక్క వస్తాంది సార్!' అనె మా ఆయప్ప. అంతే, ఇన్‌స్పెక్టరు నవ్వల్యాక జీపుకు ఒరిగిపాయ. ఇస్త్రీ చొక్కా అంతా దుమ్ము. నవ్వుతా నవ్వుతానే చెయ్యెత్తి, 'పాస్! దొరసాని పాస్!' అని కేకేసె. పేరు ఆయప్పకెట్ల తెలుసో? ఏటేటా ఆ ఆఫీసులో జాకబ్ అందరికీ చెప్పుకుంటానే ఉండె గదా.

జాకబ్ కారు దిగినాడు. దండం పెట్టేకి చేతులు లేసినాయి, మళ్ళా దిగినాయి. మెడలో తువ్వాల తీసి, నేరుగా పోయి ఆయప్ప జీపు అద్దం తుడిచేకి పట్టుకున్న్యాడు. మూల మూలకూ, గీత ల్యాకుండా తుడిచె. ఇన్‌స్పెక్టరు వద్దనలా. పక్కన నిలబడి చూస్తాండాడు. అప్పుడు ఎర్రప్ప మెల్లగా వచ్చె. 'జాకబన్నా, చర్చిలో అయ్యగారు కాచుకోనుంటారు, పెండ్లికొడుకునన్నా ఎక్కించుకో అన్నా' అని. జాకబ్ ఏమన్నా అనేలోపల, వెనక సీట్లోంచి సువార్త తల బయటపెట్టి, 'లోపల జాగా ల్యాదు, ముందర కూచోమను' అనె. ముందరంటే యాడ? బోనెట్టు మీద! ఆ పిల్లోడు కోటు, బూట్లు, మెడలో టై, అన్నిటితో ఎక్కి మా ఆయప్ప పక్కన కూచునె. మా ఆయప్ప పగ్గాలు ఆయబ్బాయి చేతికిచ్చి, 'ఇప్పటినుంచే అలవాటు చేసుకో నాయనా' అనె. వెనక ఎర్రప్ప, వ్యానులో జనమంతా నడుచుకుంటా, పాట పాడుకుంటా ముదిగుబ్బ చేరితిమి. చర్చి ముందర పాస్టరయ్య చూసి, చేతిలో బైబిలు జారిపోతాంటే పట్టుకొనె. ఆ సాయంత్రం విందుకు ఇన్‌స్పెక్టరు గూడా వచ్చినాడు. సంగటి, పొట్టేలు కూర తిని, ఇంగొగ ముద్ద ఏయించుకొని పోయె. కోస్తా మనిషికి సంగటి మింగను రాలా, నమిలినాడు పాపం.

అదీ కత. ఆ దినం నుంచి జాకబుకు ఇంగ తల దించుకునే పని ల్యాకపాయ. బాడుగ కారుగా ఉన్నప్పటి కంటే గిరాకీ ఎక్కువాయ. ధర్మవరం నుంచి పట్టుచీరలు నేసేటోళ్ళు గూడా వచ్చి, మా పిల్ల పెండ్లికి ఎద్దుల కారే కావల్ల అంటాండిరి. రేడియోలో పెట్రోలు రేటు పెరిగిందని చెప్తే, జాకబ్ లేచిపోయి ఎద్దులకు ఇంగొగ పిడికెడు కసువు ఏస్తాండె, పండగ మాదిరి. ఒగేడు వాన చుక్క ల్యాక మేత దొరకలా, ఊరంతా గొడ్లను అమ్ముకుంటాండిరి. మా ఎద్దులనూ అమ్మల్సిందే అనుకుంటిమి. పొద్దున లేచి చూస్తే మా గోడ పక్కన ఎద్దులు తినే చెనిక్కాయ కట్టె ఒగ మోపు. మర్నాడు ఇంగొగటి. ఎవురు పెట్టిరో ఎవురూ చెప్పలా. పెండ్లి కావల్సిన ఆడపిల్లోళ్ళు ఉన్న ఇండ్లోళ్ళేలే. ఆ ఏడు గడిచె. ముసలోడై, ఒగ మద్యాన్నం అన్నం తిని, కారులో రొంతసేపు కన్ను మూస్తానని పోయి, అట్లే నిద్రలో పాయ జాకబ్. సుకమైన సావు. సువార్త పిల్లోళ్ళతో వచ్చి బో ఏడ్చింది. ఏడ్చుకుంటానే ఆ దిబ్బలో దిగబడిన కత చెప్పి నవ్వింది. ఎద్దులూ ముసలైపాయ, మా ఆయప్పా పాయ.

కారు మాత్రం వాళ్ళ వాకిట్లోనే ఉండె. అమ్మమని ఎవురెవురో వచ్చిరి, రెబెకా ఇయ్యలా. సాయంత్రమైతే నన్ను కేకేసేది. 'రా పెద్దక్కా, పోదాం' అని. ఇద్దరం పోయి ముందర సీట్లో కూచుంటాంటిమి, అద్దాలు దించుకొని. ఆయమ్మ స్టీరింగు పక్క, నేను ఇవతల. ఆకూ వక్కా నములుకుంటా. దావన పోయేటోళ్ళు, 'ఏమవ్వా, యాడికి ప్రయాణం?' అంటాండిరి. 'ఈ పొద్దు బెంగుళూరుకప్పా' అంటాంది. ఇంగొగ దినం తిరుపతి. ఒగ దినం లేపాక్షి నందిని చూసి వస్తాం అనింది. నేను, 'చర్చికి పోయే దానివి, నీకెందుకే నంది?' అంటే, 'ఎద్దే గదక్కా, మనోళ్ళే' అనింది. ఎంత నవ్వుకుంటిమో. ఒగసారి పొద్దు కుంకుతాంటే ఉన్నట్టుండి నా పక్కకు తిరిగి, బస్సు కండక్టరు మాదిరి గొంతు పెట్టి, 'నువ్వు యాడ దిగుతావక్కా?' అనె. 'నేను దిగను పోవే' అంటి. ఆయమ్మ హారను నొక్కె. బ్యాటరీ ఎప్పుడో పాయ, సప్పుడేం రాలా. నోటితో 'పాం పాం' అనింది. మొన్న క్రిస్మసుకు ముందర ఆయమ్మ గూడా...

ఎండ ఇటొచ్చింది చూడు. ఆ మంచం అట్ల జరుపప్పా.